భవనాల ఇంధన సామర్థ్య రేటింగు

భవనాల ఇంధన సామర్థ్య రేటింగు అనగా ఒక భవనం ఏడాదికి ఎంత విద్యుత్తును వినియోగిస్తున్నదో, లేదా నిర్మాణం పూర్తయిన తరువాత ఎంత వినియోగించగలదో లెక్కగట్టి, ఆ లెక్కను నక్షత్రాల రూపంలోనో శ్రేణుల రూపంలోనో తెలిపే పద్ధతి. ఫ్రిజ్‌లు, ఏసీల మీద అంటించే నక్షత్రాల చీటీ వంటిదే ఇది. అయితే ఫ్రిజ్‌ను కర్మాగారంలో ఒక నమూనా పరీక్షించి వేల సంఖ్యలో తయారు చేస్తారు. భవనం మాత్రం దేనికదే ప్రత్యేకం. కనుక ప్రతి భవనాన్నీ ఒక మనిషి వెళ్ళి చూసి, కొలిచి, లెక్క వేయవలసి ఉంటుంది. ఆ పని చేసే వ్యక్తిని మదింపుదారు అంటారు. రేటింగు విశ్వసనీయత చాలావరకు ఈ మదింపుదారు పరిజ్ఞానం మీద, నిష్పాక్షికత మీద ఆధారపడి ఉన్నది.

భారతదేశంలో ఈ వ్యవస్థ ఎదిగిన తీరును పరిశీలించడానికి జంటనగరాలైన హైదరాబాదు, సికింద్రాబాదులు అనువైన ఉదాహరణ. ఇండియన్ గ్రీన్ బిల్డింగ్ కౌన్సిల్ ప్రధాన కేంద్రం ఇక్కడే ఉన్నది. భవన నిర్మాణ అనుమతులతో ఇంధన నియమావళిని జోడించి, తనిఖీ బాధ్యతను శిక్షణ పొందిన బయటి మదింపుదారులకు అప్పగించిన తొలి నగరాలలో హైదరాబాదు ఒకటి.

నక్షత్రాల లెక్క

కేంద్ర ప్రభుత్వ సంస్థ అయిన బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ (బీఈఈ) 2009 ఫిబ్రవరిలో కార్యాలయ భవనాలకు నక్షత్రాల పథకాన్ని ప్రారంభించింది. దీనికి ఆధారం ఇంధన పనితీరు సూచిక. భవనం ఏడాది పాటు వాడిన విద్యుత్తును యూనిట్లలో తీసుకొని, దానిని నిర్మిత వైశాల్యంతో భాగిస్తే ఈ సూచిక వస్తుంది. ఒక్కొక్క చదరపు మీటరుకు ఏడాదికి ఎన్ని యూనిట్లు ఖర్చయినవో అది తెలుపుతుంది. సూచిక ఎంత తక్కువగా ఉంటే నక్షత్రాలు అన్ని ఎక్కువ.

వాతావరణాన్ని బట్టి హద్దులు మారుతాయి. నియమావళి పట్టికలలో హైదరాబాదు మిశ్రమ వాతావరణ మండలంలోను, విశాఖపట్టణం ఉష్ణ–ఆర్ద్ర మండలంలోను ఉన్నవి. 2009 నాటి పట్టిక ప్రకారం మిశ్రమ మండలంలో, సగానికి మించి ఏసీ సౌకర్యం ఉన్న కార్యాలయానికి సూచిక 190 నుండి 165 మధ్య ఉంటే ఒక నక్షత్రం లభిస్తుంది. అక్కడి నుండి 25 యూనిట్లు తగ్గినప్పుడల్లా ఒక్కొక్క నక్షత్రం పెరుగుతూ, 90కి దిగువన అయిదు నక్షత్రాలు వస్తాయి. ఏసీ వాడకం సగం కంటే తక్కువగా ఉన్న భవనాలకు వేరే పట్టిక ఉన్నది. అందులో ఒక నక్షత్రం 80 వద్ద మొదలై, 40కి దిగువన అయిదు నక్షత్రాలు లభిస్తాయి. తరువాతి కాలంలో బీపీఓ కార్యాలయాలు, షాపింగ్ మాల్‌లు, ఆసుపత్రులకు కూడా ఈ పథకాన్ని విస్తరించారు. రాత్రింబవళ్ళు పనిచేసే బీపీఓలను పగటి కార్యాలయాలతో పోల్చడం న్యాయం కాదు కనుక, వాటికి ఏడాది లెక్కకు బదులు గంటకు సగటు వినియోగాన్ని తీసుకుంటారు.

లెక్క ఎక్కడ తప్పుతుంది

పైన చెప్పిన భాగహారం ప్రాథమిక పాఠశాల విద్యార్థి కూడా చేయగలిగినంత తేలికైనది. కష్టమంతా భాగహారంలో ఏయే అంకెలు వేయాలో నిర్ణయించడంలో ఉన్నది.

ఉదాహరణకు 5,000 చదరపు మీటర్ల పూర్తి ఏసీ కార్యాలయం ఒకటి సికింద్రాబాదులో ఉన్నదనుకుందాం. విద్యుత్ బిల్లుల ప్రకారం అది ఏడాదికి 6,50,000 యూనిట్లు వాడుతున్నది. సూచిక 130. అంటే మూడు నక్షత్రాలు. ఇప్పుడు ఆ భవనానికి 1,200 చదరపు మీటర్ల సెల్లార్ పార్కింగు కూడా ఉన్నదనుకుందాం. నిబంధనల ప్రకారం పార్కింగు స్థలాన్ని వైశాల్యంలో కలపరాదు. మదింపుదారు పొరపాటున దానిని కలిపితే వైశాల్యం 6,200 అవుతుంది, సూచిక 105కు దిగుతుంది. ఒక్క యూనిట్ కూడా ఆదా చేయకుండానే భవనానికి నాలుగవ నక్షత్రం వచ్చి చేరుతుంది.

దీనికి వ్యతిరేక దిశలో మరొక సమస్య ఉన్నది. విద్యుత్ సంస్థ బిల్లులో కనిపించేది ఆ సంస్థ సరఫరా చేసిన విద్యుత్తు మాత్రమే. కరెంటు పోయినప్పుడు డీజిల్ జనరేటర్ ఉత్పత్తి చేసిన యూనిట్లు అందులో ఉండవు. అదే కార్యాలయం జనరేటర్ ద్వారా మరో 60,000 యూనిట్లు వాడి ఉంటే నిజమైన సూచిక 142, రావలసినవి రెండు నక్షత్రాలే. బిల్లుల కట్ట మాత్రమే చూసి వెళ్ళే మదింపుదారుకు ఈ సంగతి తెలియదు. జనరేటర్ గదిలోని లాగ్ పుస్తకాన్ని అడిగి చూసేవారికే తెలుస్తుంది. 2012–13 ప్రాంతంలో ఉమ్మడి ఆంధ్ర ప్రదేశ్ తీవ్రమైన విద్యుత్ కోతలను ఎదుర్కొన్నప్పుడు ఈ తేడా చిన్నదేమీ కాదు.

ఖాళీ అంతస్తులు మూడవ చిక్కు. అయిదు అంతస్తులలో రెండింటికి అద్దెదారులు లేకపోతే మీటరు నెమ్మదిగా తిరుగుతుంది, కాని వైశాల్యం మాత్రం అలాగే ఉంటుంది. కాగితం మీద ఆ భవనం సమర్థమైనదిగా కనిపిస్తుంది. అది చూసి అద్దెకు దిగినవారికి తరువాత బిల్లు వచ్చినప్పుడు గాని అసలు విషయం తెలియదు.

చట్టాలు, నియమావళులు

ఇంధన పొదుపు చట్టం 2001లో వెలువడింది. దాని కింద బీఈఈ 2002 మార్చి 1న ఏర్పడింది. వాణిజ్య భవనాలకు ఇంధన పొదుపు భవన నిర్మాణ నియమావళి 2007 మే నెలలో విడుదలైనది. దీనిని వాడుకలో ఈసీబీసీ అంటారు. 2010 సవరణతో ఇది 100 కిలోవాట్ల అనుసంధానిత లోడు లేదా 120 కేవీఏ కాంట్రాక్టు డిమాండు కలిగిన భవనాలకు వర్తించేలా మారింది. 2017లో సవరించిన ఈసీబీసీ మూడు మెట్లను ఏర్పరచింది. సాధారణ భవనంతో పోలిస్తే మొదటి మెట్టు సుమారు 25 శాతం, రెండవది 35 శాతం, మూడవది 50 శాతం ఆదాను ఆశిస్తుంది. నివాస భవనాల కోసం ఎకో నివాస్ సంహిత 2018 డిసెంబరులో వచ్చింది. 2022 సవరణ చట్టం నివాస భవనాలను కూడా నియమావళి పరిధిలోకి తేవడానికి వీలు కల్పించింది.

చట్టం కేంద్రానిదైనా భవన నిర్మాణం రాష్ట్రాల, స్థానిక సంస్థల పరిధిలోని విషయం. అందువలన రాష్ట్రం నోటిఫై చేసే వరకు నియమావళి పుస్తకానికే పరిమితమై ఉంటుంది. ఉమ్మడి ఆంధ్ర ప్రదేశ్ ప్రభుత్వం 2014 జనవరిలో ఈసీబీసీని నోటిఫై చేసింది. అదే సంవత్సరం జూన్ 2న రాష్ట్రం విభజింపబడగా రెండు రాష్ట్రాలూ దీనిని కొనసాగించాయి. ఇక్కడ లోడుతో పాటు 1,000 చదరపు మీటర్ల స్థలం లేదా 2,000 చదరపు మీటర్ల నిర్మిత వైశాల్యం అనే కొలత కూడా పెట్టారు. భవనం కట్టకముందే కరెంటు లోడు ఎంతో చెప్పడం కష్టం, వైశాల్యం మాత్రం ప్లానులోనే కనిపిస్తుంది. కనుక ఇది ఆచరణకు అనువైన మార్పు.

సికింద్రాబాదు అక్షాంశంలో గోడలు, గాజు

నియమావళి భవనపు పై కవచం మీద, అనగా గోడలు, కిటికీలు, పైకప్పు మీద ఎక్కువ శ్రద్ధ పెట్టింది. సికింద్రాబాదు ఉత్తర అక్షాంశం 17.4 డిగ్రీల వద్ద ఉన్నది. ఇక్కడ ఎండ ఎక్కువ భాగం పైకప్పు మీద, తూర్పు పడమర గోడల మీద పడుతుంది. ఉత్తరపు గోడకు తగిలేది తక్కువ. అందుకే 2017 ఈసీబీసీ మిశ్రమ మండలంలో ఉత్తరం తప్ప మిగిలిన దిక్కుల గాజుకు సౌరతాప గుణకం 0.27 మించరాదని చెబుతూ, ఈ అక్షాంశాలలో ఉత్తరపు గాజుకు 0.50 వరకు అనుమతించింది. గుణకం 0.27 అంటే గాజు మీద పడిన ఎండ వేడిలో 27 శాతం మాత్రమే లోపలికి చేరుతుందని అర్థం. నియమావళిలోని నిర్దేశిత మార్గాన్ని అనుసరించే భవనాలలో గోడ వైశాల్యంలో కిటికీల వాటా 40 శాతం మించరాదు. నిలువెల్లా గాజు తొడిగిన భవనాలు ఈ మార్గంలో ఇమడవు. అవి కంప్యూటర్ అనుకరణ ద్వారా తమ మొత్తం వినియోగం హద్దులోనే ఉన్నదని చూపవలసి ఉంటుంది.

తిరుమలగిరి, బొల్లారం ప్రాంతాలలోని పాత బంగళాలకు మందమైన గోడలు, ఎత్తైన కప్పులు, చుట్టూ వరండాలు ఉండేవి. అవి ఏ నియమావళీ లేని కాలంలో కట్టినవే. వరండా నీడ గోడకు ఎండ తగలకుండా చూస్తుంది. మందమైన గోడ మధ్యాహ్నపు వేడిని లోపలికి చేరవేయడానికి రాత్రి వరకు ఆలస్యం చేస్తుంది. నేటి నియమావళి గుణకాల భాషలో అడుగుతున్నదీ ఇంచుమించు ఇదే.

మదింపుదారులు, వారి శిక్షణ

పురపాలక సంస్థలోని పట్టణ ప్రణాళికా అధికారులకు సెట్‌బ్యాకులు, ఎత్తు, పార్కింగు పరిశీలించడం అలవాటైన పని. ఉష్ణ ప్రసరణ గుణకాలను, చిల్లర్ల సామర్థ్యాన్ని పరిశీలించే శిక్షణ వారికి లేదు. ఈ లోటును పూరించడానికి హైదరాబాదులో మూడవ పక్ష మదింపుదారుల పద్ధతిని ఎంచుకున్నారు. ప్రభుత్వం అర్హులైన ఆర్కిటెక్టులను, ఇంజనీర్లను జాబితాలో నమోదు చేస్తుంది. వారు డిజైను దశలో ఒకసారి, నివాసయోగ్యతా పత్రం ఇచ్చే ముందు మరొకసారి భవనాన్ని పరిశీలించి ధ్రువీకరిస్తారు. ఈ ప్రక్రియను ఆన్‌లైన్ అనుమతుల విధానంతో జోడించడంలో రాష్ట్ర ప్రభుత్వానికి హైదరాబాదులోని అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజ్ ఆఫ్ ఇండియా (ఆస్కీ), అమెరికాకు చెందిన నేచురల్ రిసోర్సెస్ డిఫెన్స్ కౌన్సిల్ తోడ్పడ్డాయి. అధికారులకు, మదింపుదారులకు ఆస్కీ శిక్షణా తరగతులు నిర్వహించింది. గచ్చిబౌలిలోని ట్రిపుల్ ఐటీ హైదరాబాదులో భవన విజ్ఞానానికి ప్రత్యేక కేంద్రం ఉన్నది. నియమావళి పాటింపును పరీక్షించే ఈకోనిర్మాణ్ అనే ఆన్‌లైన్ సాధనం రూపకల్పనలో ఈ సంస్థ పాలుపంచుకున్నది.

ఈ రంగంలోకి రావడానికి ఉన్న దారులలో పాతది బీఈఈ జాతీయ ధ్రువీకరణ పరీక్ష. ఇంధన మేనేజర్ కావడానికి మూడు పేపర్లు, ఇంధన ఆడిటర్ కావడానికి నాలుగు పేపర్లు ఉత్తీర్ణులు కావాలి. మొదటి పేపరు సాధారణ అంశాలు, రెండవది బాయిలర్ల వంటి ఉష్ణ పరికరాలు, మూడవది విద్యుత్ పరికరాలు. పరికరాల పనితీరును లెక్కగట్టే నాలుగవ పేపరును పుస్తకం చూసి వ్రాయవచ్చు. సిలబస్ చూస్తేనే ఇది ప్రధానంగా కర్మాగారాలను దృష్టిలో ఉంచుకొని రూపొందించిన పరీక్ష అని తెలుస్తుంది. బాయిలర్ సామర్థ్యాన్ని చక్కగా లెక్కగట్టగల ఆడిటర్‌కు పడమటి గోడ మీద ఎంత సజ్జ ఉండాలో తెలియకపోవచ్చు. గృహ, వాణిజ్య భవనాల హరిత రేటింగులకు ఇండియన్ గ్రీన్ బిల్డింగ్ కౌన్సిల్, గృహ అనే స్వదేశీ రేటింగును నడిపే మండలి వేరువేరుగా తమ సొంత పరీక్షలు నిర్వహిస్తున్నాయి.

పరీక్షలో నేర్చుకోలేని భాగం స్థలం మీద ఉన్నది. డ్రాయింగులో చూపిన గాజునే నిజంగా బిగించారా అన్నది ఒక ప్రశ్న. వేడిని తిప్పికొట్టే పలుచని లోహపు పూత కంటికి కనిపించదు. అనుభవజ్ఞులు దీనికి ఒక చిన్న ఉపాయం వాడతారు. రెండు పొరల గాజు ముందు లైటర్ వెలిగిస్తే నాలుగు ఉపరితలాల నుండి నాలుగు ప్రతిబింబాలు కనిపిస్తాయి. వాటిలో ఒకదాని రంగు మిగిలిన వాటికంటే భిన్నంగా ఉంటే ఆ ఉపరితలం మీద పూత ఉన్నట్లు. నాలుగూ ఒకే రంగులో ఉంటే పూత లేనట్లే. పైకప్పు మీది ఉష్ణనిరోధక పొర సంగతి ఇంకా కష్టం. దాని మీద కాంక్రీటు పోసి పెంకులు పరిచిన తరువాత ఎంత మందం వేశారో, అసలు వేశారో లేదో తెలుసుకోవడం దాదాపు అసాధ్యం. పని నడుస్తుండగా ఒకసారి మెట్లెక్కి చూసిన మదింపుదారు మాత్రమే నమ్మకంగా సంతకం చేయగలడు. డిజైను దశలోను, చివరిలోను మాత్రమే తనిఖీ ఉండే పద్ధతిలో ఈ మధ్య దశ జారిపోయే ప్రమాదం ఉన్నది.

నిష్పాక్షికత మరొక సమస్య. మూడవ పక్ష మదింపుదారును ఎంచుకొని రుసుము చెల్లించేది భవన యజమానే. తనకు పని ఇచ్చిన వ్యక్తి భవనాన్ని తిరస్కరించడం ఎవరికైనా ఇబ్బందికరమే. యాదృచ్ఛికంగా ఎంపిక చేసిన కొన్ని భవనాలను మరొకరితో తిరిగి కొలిపించడం దీనికి తెలిసిన విరుగుడు.

ఇతర దేశాలలో

ఐరోపా సమాఖ్య 2002లో జారీ చేసిన ఆదేశం ప్రకారం అక్కడ భవనాన్ని అమ్మినప్పుడు గాని అద్దెకిచ్చినప్పుడు గాని ఇంధన పనితీరు పత్రం చూపాలి. ఆ పత్రాన్ని స్వతంత్ర నిపుణులే ఇవ్వాలి. కొన్ని దేశాలలో పత్రాల నాణ్యత మీద ఫిర్యాదులు రావడంతో 2010లో ఆదేశాన్ని సవరించి, జారీ అయిన పత్రాలలో కొన్నింటిని యాదృచ్ఛికంగా ఎంచి తిరిగి పరిశీలించే స్వతంత్ర వ్యవస్థ ఉండాలని చేర్చారు. ఆస్ట్రేలియాలో 1998లో మొదలై తరువాత నేబర్స్ అన్న పేరు పొందిన పద్ధతి డిజైనును కాక, పన్నెండు నెలల మీటరు రీడింగులను ఆధారంగా తీసుకుంటుంది. భవనం ఎలా పనిచేయాలని ఆర్కిటెక్టు కోరుకున్నాడో దానికి అక్కరలేదు. గత సంవత్సరం ఎలా పనిచేసిందన్నదే ప్రశ్న. అక్కడి మదింపుదారులు తరగతులు, పరీక్షతో పాటు పర్యవేక్షణలో కొన్ని మదింపులు పూర్తి చేసిన తరువాతనే స్వతంత్రంగా పనిచేయడానికి అర్హులవుతారు.

తెల్లని పైకప్పులు

మదింపు అవసరం లేకుండానే ఫలితం ఇవ్వగల మార్పులు కొన్ని ఉన్నవి. పైకప్పుకు తెలుపు వేయడం వాటిలో ముఖ్యమైనది. అమెరికాలోని లారెన్స్ బర్కిలీ జాతీయ ప్రయోగశాల, ట్రిపుల్ ఐటీ హైదరాబాదు పరిశోధకులు హైదరాబాదులోని ఒక కార్యాలయ ప్రాంగణంలో పక్కపక్క భవనాల మీద దీనిని కొలిచారు. 2012లో ప్రచురించిన ఫలితాల ప్రకారం నల్లని కప్పుకు తెల్లపూత వేస్తే ఒక్కొక్క చదరపు మీటరు కప్పుకు ఏడాదికి 20 నుండి 22 యూనిట్లు ఆదా అయినది. శీతలీకరణకు వాడే విద్యుత్తులో ఇది 14 నుండి 26 శాతం. మామూలు కాంక్రీటు కప్పుకు వేసినప్పుడు 13 నుండి 14 యూనిట్లు ఆదా అయినది. 2017లో నగరంలోని అల్పాదాయ నివాసాలలో 25 కప్పుల మీద తెల్లని పొర పరిచి చూడగా గదులలో సగటున 2 డిగ్రీల వరకు వేడి తగ్గింది.

తెలంగాణ ప్రభుత్వం 2023 ఏప్రిల్ 3న చల్లని పైకప్పుల విధానాన్ని ప్రకటించింది. ప్రభుత్వ, వాణిజ్య, నివాసేతర భవనాలన్నింటికీ, 600 చదరపు గజాలు అంతకు మించిన స్థలంలోని ఇళ్ళకూ ఇది తప్పనిసరి. 2028 నాటికి హైదరాబాదులో 200, మిగిలిన రాష్ట్రంలో 100 చదరపు కిలోమీటర్ల కప్పులను చల్లబరచడం లక్ష్యం. వేసవిలో రేకుల కప్పు కింద నివసించేవారికి 600 గజాల స్థలం ఉండదు. కనుక అందరికంటే ఎక్కువ వేడిని భరించేవారికి ఇది ఐచ్ఛికంగానే మిగిలినది.

సికింద్రాబాదు రైల్వే స్టేషను

హరిత రేటింగుకు, ఇంధన రేటింగుకు ఉన్న భేదం తెలుసుకోవడానికి సికింద్రాబాదు రైల్వే స్టేషను మంచి ఉదాహరణ. దక్షిణ మధ్య రైల్వేలోని ఈ స్టేషను 2018లో ఇండియన్ గ్రీన్ బిల్డింగ్ కౌన్సిల్ నుండి ప్లాటినం రేటింగు పొందింది. భారతీయ రైల్వేలతో కలిసి కౌన్సిల్ రూపొందించిన ఈ రేటింగులో ప్రయాణికుల సౌకర్యాలు, పారిశుధ్యం, నీటి పొదుపు, నూతన ప్రయత్నాలు మొదలైనవన్నీ లెక్కకు వస్తాయి. ఇంధన సామర్థ్యం వాటిలో ఒకటి మాత్రమే. కాబట్టి ప్లాటినం పొందిన భవనం చదరపు మీటరుకు ఎన్ని యూనిట్లు వాడుతున్నదన్న ప్రశ్నకు ఆ పత్రంలో సూటి సమాధానం దొరకదు. హైటెక్ సిటీ సమీపంలోని సీఐఐ సోహ్రాబ్జీ గోద్రెజ్ గ్రీన్ బిజినెస్ సెంటర్ విషయం కూడా ఇటువంటిదే. అప్పటి రాష్ట్రపతి అబ్దుల్ కలాం చేతుల మీదుగా 2004 జూలై 14న ప్రారంభమైన ఆ భవనం లీడ్ ప్లాటినం పొందిన తొలి భారతీయ భవనం. దానికి 69 పాయింట్లకు 56 వచ్చాయి. ఆ 69లో నీరు, స్థలం, సామగ్రి వంటి వాటి పాయింట్లు కూడా కలిసి ఉన్నవి.

సికింద్రాబాదు స్టేషను పునర్నిర్మాణానికి 2023 ఏప్రిల్ 8న శంకుస్థాపన జరిగింది. అంచనా వ్యయం సుమారు 720 కోట్ల రూపాయలు. ఈ పనులలో భాగంగా పాత ముఖభవనాన్ని 2025లో కూల్చివేశారు. ఒక భవనాన్ని కట్టడానికి వాడిన సిమెంటు, ఉక్కు, ఇటుకల తయారీలో ఖర్చయిన ఇంధనం ఏటా వచ్చే మీటరు రీడింగులో కనిపించదు, నక్షత్రాల లెక్కలోకి రాదు. కొత్త స్టేషను భవనం తన రేటింగును మొదటి నుండి సంపాదించుకోవలసి ఉంటుంది.